పెట్టుబడులు అనుకున్నంత పెరగలేదా? రిటైర్మెంట్ ప్లాన్‌ను మళ్ళీ వేసుకోవడం ఇలా

కర్నూలులో రిటైర్మెంట్ దగ్గరపడినవాళ్ళను ఎంత వెనకేశారని అడిగి చూడండి. ముందు ప్లాట్ల సంగతి చెబుతారు. నన్నూరు దగ్గర అయిదు సెంట్లు, ఓర్వకల్లు రోడ్డులో నాలుగు సెంట్లు. ఆ తర్వాత పీఎఫ్, ఎప్పుడో కట్టడం మొదలుపెట్టిన ఇన్సూరెన్స్ పాలసీ, ఈమధ్య పిల్లలు పెట్టించిన మ్యూచువల్ ఫండ్. పదేళ్ళ కింద వేసుకున్న లెక్క ప్రకారం అరవై వచ్చేసరికి ఇవన్నీ కలిపి కోటి దాటాలి. ఇప్పుడు కూడితే అందులో సగం కంటే కాస్త ఎక్కువ తేలుతోంది. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

తగ్గిన సొమ్మును ఎలా రాబట్టుకోవాలా అని బయల్దేరినవాళ్ళు చాలాసార్లు రెండో దెబ్బ తింటారు. ఆ ప్రశ్నను పక్కన పెట్టి, నెలకు ఎంత కావాలి, అందులో ఎంత ఖాయంగా చేతికి రావాలి అన్న దగ్గర మొదలుపెట్టండి. మిగతా నిర్ణయాలన్నీ ఆ రెండు అంకెల వెనకే నడుస్తాయి.

లెక్క అర్థం కావడానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. కల్లూరులో సొంత ఇల్లు. ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరర్, త్వరలో అరవై నిండి రిటైర్ అవుతారు. ఆమెకు 55. పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు. రిటైరయ్యేనాటికి పీఎఫ్ 24 లక్షలు, బ్యాంకు ఎఫ్‌డీలు 8 లక్షలు, పాలసీ మెచ్యూరిటీ 6 లక్షలు, ఈక్విటీ (షేర్లలో పెట్టే) మ్యూచువల్ ఫండ్లు 20 లక్షలు. మొత్తం 58 లక్షలు. ఓర్వకల్లు వైపు ఒక ప్లాట్ కూడా ఉంది, 30 లక్షలు పలుకుతుందని ఆయన నమ్మకం. దాన్ని ప్రస్తుతానికి లెక్కలో వేయడం లేదు. ఎందుకో ముందుకు వెళ్ళాక తెలుస్తుంది.

మొదటి పని: ఏది ఎందుకు పెరగలేదో విడదీయండి

పెరగనివన్నీ ఒకే కారణంతో పెరగకుండా ఉండవు. కారణాన్ని బట్టి మందు మారుతుంది.

మార్కెట్ మొత్తం పడి, దాంతోపాటు మీ ఫండ్ పడితే అది ఫండ్ తప్పు కాదు. 2008 జనవరిలో 21 వేల దగ్గరున్న సెన్సెక్స్ 2009 మార్చి నాటికి 8 వేల చిల్లరకు దిగింది. మళ్ళీ 21 వేలు చూడడానికి 2010 చివరిదాకా పట్టింది. 2020 మార్చిలో 26 వేల కిందికి పోయింది, అదే ఏడాది నవంబరుకల్లా పాత గరిష్ఠాన్ని దాటేసింది. 2024 సెప్టెంబరులో 86 వేల దరిదాపులకు వెళ్ళి, 2025 మార్చి మొదటికి 73 వేలకు వచ్చింది. ఇవి చూసి ఎప్పుడైనా తిరిగి వచ్చేస్తుందిలే అనుకోవడమూ పొరపాటే. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. అందుకే రాబోయే అయిదేళ్ళలో ఖర్చుకు కావలసిన సొమ్ము షేర్లలో ఉండకూడదు.

మార్కెట్ పెరుగుతున్నా మీ ఫండ్ వెనకబడుతుంటే సంగతి వేరు. ఏడాది పనితీరు చూసి తేల్చకండి. అయిదేళ్ళు, ఏడేళ్ళు వెనక్కి వెళ్ళి అదే రకం ఇండెక్స్ ఫండ్‌తో (సెన్సెక్స్ లాంటి సూచీని ఉన్నదున్నట్టు అనుసరించేది) పోల్చండి. వరుసగా వెనకబడి ఉంటే మార్చేయవచ్చు. రెగ్యులర్ ప్లాన్‌లో ఉన్నారా, డైరెక్ట్ ప్లాన్‌లో ఉన్నారా అన్నది కూడా చూడండి. రెగ్యులర్‌లో ఏజెంటు కమీషన్ ప్రతి ఏడాదీ మీ సొమ్ములోంచే పోతుంది. ఇరవై ఏళ్ళలో అది చిన్న మొత్తం కాదు.

ఎండోమెంట్, మనీబ్యాక్ లాంటి పొదుపు బీమా పాలసీల సంగతి సూటిగా చెప్పాలంటే, అవి పెరగకపోవడం వింత కాదు. వాటి తీరే అంత, ఏడాదికి అయిదారు శాతం వస్తే గొప్ప. మెచ్యూరిటీ రెండు మూడేళ్ళలో ఉంటే కట్టేసి తీసుకోండి. ఇంకా పదేళ్ళు ప్రీమియం కట్టాల్సి ఉంటే, పెయిడ్‌అప్ చేస్తే (ప్రీమియం ఆపి పాలసీని ఉంచితే) ఎంత వస్తుందో, సరెండర్ చేస్తే (ఇప్పుడే వదిలేస్తే) ఎంత వస్తుందో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకుని అప్పుడు ఆలోచించండి. ఏజెంటు నోటిమాట చాలదు.

ఇరుక్కుపోయిన సొమ్ము నాలుగో రకం. ప్లాట్లు, చేబదులుగా బంధువులకు ఇచ్చినవి, వసూలు కాని వడ్డీ అప్పులు. కాగితం మీద ఇవే అన్నిటికంటే బాగా పెరిగినట్టు కనిపిస్తాయి. అదే ఇబ్బంది.

రెండో పని: నెల ఖర్చును రెండుగా చీల్చండి

మొత్తం ఖర్చు ఒక్క అంకెగా రాస్తే దేన్ని తగ్గించాలో కనబడదు. సరుకులు, పాలు, గ్యాస్, కరెంటు, ఫోన్లు, మందులు, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం, ఇంటి పన్ను ఒక వైపు. ఇవి ఆగితే ఇల్లు ఆగుతుంది. పెళ్ళిళ్ళకు చదివింపులు, మనవళ్ళకు కొనిపెట్టేవి, హైదరాబాదు రాకపోకలు, శ్రీశైలమో తిరుపతో ప్రయాణాలు, బట్టలు ఇంకో వైపు. ఇవి కష్టకాలంలో వాయిదా పడగలవు.

మన ఉదాహరణలో మొదటి వైపు 28 వేలు, రెండో వైపు 10 వేలు. నెలకు 38 వేలు. ఈ కాగితం ఇద్దరూ కూర్చుని రాయాలి. మగవాళ్ళు ఒక్కరే రాస్తే సరుకుల ఖర్చు తక్కువా, పెళ్ళిళ్ళ ఖర్చు సున్నా వస్తుంది.

ఎన్నేళ్ళకు సరిపోవాలి? ఆయన వయసు బట్టి కాదు, ఆమె వయసు బట్టి చూడాలి. 55 ఏళ్ళ ఆమెకు 88 వచ్చేదాకా అనుకుంటే 33 ఏళ్ళు. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళలో ఖర్చు రెట్టింపవుతుంది. ఈరోజు 38 వేలు అప్పటికి 76 వేలు. చాలా ప్లాన్లు కూలిపోయేది ఈ ఒక్క లైను మరిచిపోయినందుకే.

మూడో పని: లోటు ఎంతో తేల్చండి

ఆయనకు పీఎఫ్‌తో పాటు నడిచే ఈపీఎస్ పెన్షన్ వస్తుంది. పెన్షన్ లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగిస్తారు, ఆ జీతానికి పరిమితి 15 వేలు. ఇరవై ఏళ్ళ సర్వీసుకు నెలకు నాలుగు వేల చిల్లర. నాలుగు వేలే అనుకుందాం. ఆయన తర్వాత ఆమెకు అందులో సగమే వస్తుందని ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వ ఉద్యోగులైతే పాత పెన్షనా, 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళకు వర్తించే సీపీఎస్సా (జీతంలోంచి వాటా కట్టే పెన్షన్) అన్నదాన్ని బట్టి ఈ అంకె పూర్తిగా మారిపోతుంది.

38 వేలలో 4 వేలు తీసేస్తే 34 వేలు. ఏడాదికి 4,08,000. దీన్ని 58 లక్షలతో భాగిస్తే 7 శాతం. అంటే మొదటి ఏడాదే వంద రూపాయలకు ఏడు రూపాయలు తీయాలి, ఆ తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోవాలి. ముప్పై మూడేళ్ళు ఇది నిలవదు. నా లెక్కలో నాలుగు శాతం దగ్గర నిద్ర పడుతుంది, అయిదు దాకా జాగ్రత్తగా నడపవచ్చు, ఆరు దాటితే ఏదో ఒకటి మార్చాల్సిందే. మార్చగలిగేవి నాలుగే: ఖర్చు, పనిచేసే ఏళ్ళు, సొమ్ము ఉన్న చోటు, ఇరుక్కున్న ఆస్తి. ఎక్కువ రాబడి అన్నది ఈ జాబితాలో లేదు, ఎందుకంటే అది మన చేతిలో లేదు.

నాలుగో పని: తప్పనిసరి ఖర్చుకు ఖాయమైన ఆదాయం కట్టండి

పోస్టాఫీసులోనూ, బ్యాంకుల్లోనూ ఉండే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌తో మొదలుపెట్టండి. 60 నిండినవాళ్ళు ఒక్కొక్కరు 30 లక్షల దాకా పెట్టవచ్చు. 2023 బడ్జెట్‌కు ముందు ఇది 15 లక్షలే. అదే ఏడాది ఏప్రిల్‌లో వడ్డీ 8.2 శాతం చేశారు. చేరిన రోజు ఉన్న రేటే అయిదేళ్ళూ నడుస్తుంది, వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. కొత్తగా చేరేవాళ్ళకు రేటును ప్రభుత్వం ప్రతి త్రైమాసికం సమీక్షిస్తుంది, కాబట్టి వెళ్ళేముందు చూసుకోండి. 8.2 శాతం మీద 30 లక్షలకు మూడు నెలలకు 61,500, అంటే నెలకు 20,500.

రెండోది పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్. ఒక్కరి పేరున 9 లక్షలు, ఉమ్మడిగా 15 లక్షలు పరిమితి. 7.4 శాతం లెక్కన 6 లక్షలకు నెలకు 3,700.

ఇప్పుడు కూడండి. పెన్షన్ 4,000, సీనియర్ స్కీమ్ 20,500, మంత్లీ స్కీమ్ 3,700. మొత్తం 28,200. తప్పనిసరి ఖర్చు 28 వేలు. పీఎఫ్, ఎఫ్‌డీలు, పాలసీ కలిపిన 38 లక్షల్లో 36 లక్షలు ఇందుకు పోయాయి, 2 లక్షలు అత్యవసరానికి సేవింగ్స్ ఖాతాలో మిగిలాయి. ఫండ్లలో ఒక్క యూనిట్ కూడా అమ్మలేదు. మార్కెట్ రేపు ఇంకో ఇరవై శాతం పడినా ఇంట్లో పాలు ఆగవు. ఈ స్థితికి చేరడమే ఈ పని మొత్తంలో అసలు లాభం.

సీనియర్ ఖాతాను భార్యతో జాయింటుగా తెరవండి. ఆయనకు ఏమైనా అయితే ఖాతా మూయకుండా ఆమె కొనసాగించుకోవచ్చు. మధ్యలో మూస్తే ఏడాది లోపైతే వడ్డీ దక్కదు, రెండేళ్ళ లోపైతే అసలులో 1.5 శాతం, ఆపైన 1 శాతం కోత. బ్యాంకు ఎఫ్‌డీలు ఉంచుకునేవాళ్ళు ఒక్కో బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షలకే డిపాజిట్ బీమా ఉందని గుర్తుంచుకోవాలి. ముఖ్యంగా చిన్న సహకార బ్యాంకుల్లో అర శాతం ఎక్కువిస్తున్నారని మొత్తం పెట్టేవాళ్ళు.

పన్ను గురించి ఈ స్థాయి ఆదాయానికి పెద్దగా బెంగ అక్కర్లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. అయితే షేర్లు, ఫండ్లు, స్థలాల అమ్మకం మీద ప్రత్యేక రేటుతో పడే పన్నుకు ఆ రిబేటు వర్తించదు. వడ్డీలోంచి ముందే కోసే పన్ను (టీడీఎస్) కట్ కాకుండా ఏటా ఏప్రిల్‌లో డిక్లరేషన్ ఇచ్చేయండి.

అయిదో పని: ఫండ్లను వదిలేయండి, కానీ గాలికి కాదు

పడిన మార్కెట్లో ఖర్చుల కోసం అమ్మితే ఏమవుతుందో చూడండి. 20 లక్షలు 30 శాతం పడి 14 లక్షలైంది. తీయకుండా ఉంటే పాత స్థాయికి రావడానికి 43 శాతం పెరగాలి. అదే ఏడాది ఖర్చుకు 2 లక్షలు తీస్తే 12 మిగులుతాయి, మళ్ళీ 20 కావడానికి 67 శాతం పెరగాలి. రిటైరైన తొలి నాలుగైదేళ్ళలో ఇలా జరిగితే తేరుకోవడం చాలా కష్టం. అందుకే నాలుగో పని ముందు చేశాం.

ఈ 20 లక్షలు నాలుగో ఏడాది నుంచి ఆమెకు 88 వచ్చేదాకా ధరల పెరుగుదలను తట్టుకోవడానికి. సీనియర్ స్కీమ్ వడ్డీ పెరగదు, ఖర్చు పెరుగుతుంది. ఆ తేడా పూడ్చే సత్తా షేర్లకే ఉంది. కాబట్టి భయపడి మొత్తం ఎఫ్‌డీలో వేయడం కూడా ఒక రకం నష్టమే, కాకపోతే నెమ్మదిగా తెలుస్తుంది. ఇంకా స్మాల్‌క్యాప్ (చిన్న కంపెనీల), సెక్టార్ (ఒకే రంగం) ఫండ్లు ఉంటే మార్కెట్ తేరుకున్నప్పుడు కొంచెం కొంచెంగా లార్జ్‌క్యాప్ (పెద్ద కంపెనీల) ఇండెక్స్, హైబ్రిడ్ (షేర్లూ బాండ్లూ కలిసిన) ఫండ్ల వైపు జరపండి. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల మీద ఏటా 1,25,000 వరకు లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఒకేసారి కాకుండా రెండు మూడు ఆర్థిక సంవత్సరాలకు పంచితే ఈ మార్పు పన్ను లేకుండానే అయిపోవచ్చు.

ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) ఉన్నవాళ్ళకు ఒక మాట. అరవై నిండిన రోజే తీసేయాలన్న నిబంధన లేదు. మార్కెట్ కిందున్నప్పుడు 85 ఏళ్ళ దాకా వాయిదా వేసే వీలుంది.

ఆరో పని: మరో మూడేళ్ళు, సగం పని

రెండో వైపు ఖర్చు 10 వేలు ఇంకా మిగిలి ఉంది. దానికి పూర్తి ఉద్యోగం అక్కర్లేదు. లెక్చరరైతే గెస్టు క్లాసులు, ఇంటర్ పిల్లలకు ట్యూషన్. అకౌంటెంటైతే రెండు షాపుల జీఎస్టీ లెక్కలు. పై అంతస్తు ఖాళీగా ఉంటే అద్దె. నెలకు 10 నుంచి 15 వేలు మూడేళ్ళు వస్తే, ఆ మూడేళ్ళూ ఫండ్లను ముట్టుకోనక్కర్లేదు. "రిటైరయ్యాక కూడా పనేమిటి, జనం ఏమనుకుంటారు" అనే మాట ఇంట్లోనే ముందు వస్తుంది. డెబ్భై అయిదేళ్ళప్పుడు పిల్లల దగ్గర చేయి చాపడం కంటే అరవై రెండులో ట్యూషన్ చెప్పడం గౌరవం.

ఏడో పని: ప్లాట్

2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చాక కర్నూలు చుట్టూ వెంచర్లకు ఊపొచ్చింది. హైకోర్టు వస్తుందన్నారు. 2021 మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైంది. అదే ఏడాది నవంబరులో మూడు రాజధానుల చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఊపులో కొన్నవాళ్ళ చేతిలో ఇప్పుడు ప్లాట్ ఉంది, కొనేవాడు లేడు. "ఇంకో రెండేళ్ళు ఉండండి సార్, రేటు వస్తుంది" అని బ్రోకర్ చెబుతూనే ఉంటాడు. హైకోర్టు బెంచ్, పారిశ్రామిక వాడ, ఏదో ఒక కబురు ఎప్పుడూ ఉంటుంది. వచ్చినా రావచ్చు. మీ రిటైర్మెంట్ మాత్రం దానికోసం ఆగదు.

ముందు అసలు ధర తెలుసుకోండి. పక్క ప్లాటుకు ఎంత చెబుతున్నారన్నది ధర కాదు. గత ఏడాదిలో అదే లేఅవుట్లో నిజంగా రిజిస్టరైనవి ఎన్ని, చేతులు మారిన సొమ్ము ఎంత అని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. మన ఉదాహరణలో 30 లక్షలనుకున్నది అలా చూస్తే 18 లక్షలని తేలింది. ఆ 18 లక్షలు 7 శాతం ఎఫ్‌డీలో ఉంటే నెలకు 10,500 వస్తుంది. ప్లాట్ ఉంచుకుంటే నెలనెలా ఆ సొమ్ము వదులుకుంటున్నట్టే. కొన్న ధర 12 లక్షలా, 25 లక్షలా అన్నది ఈ నిర్ణయానికి సంబంధం లేని సంగతి. ఈరోజు చేతిలో 18 లక్షల నగదు ఉంటే ఇదే ప్లాట్ కొంటారా? కొనను అంటే అమ్మేయండి.

కాగితాలు ముందే సరిచేసుకోండి. లేఅవుట్‌కు కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) లేదా డీటీసీపీ (పట్టణ ప్రణాళికా శాఖ) అప్రూవల్ ఉందా, లేకపోతే క్రమబద్ధీకరణ అయిందా, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తాజాగా తీశారా, సర్వే నంబరు 22ఏ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో లేదు కదా. కొనేవాడు వచ్చాక ఇవి వెతికితే బేరం చల్లారుతుంది. అవసరం నెత్తిమీద లేనప్పుడే బేరం పెట్టాలి, మూడేళ్ళ పని కల్పించే వ్యవధి ఇందుకే. రెండేళ్ళకు పైగా ఉన్న స్థలం మీద లాభానికి 12.5 శాతం పన్ను. 2024 జూలై 23కు ముందు కొన్నదైతే ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ధరల పెరుగుదల మేరకు పెంచి) 20 శాతం లెక్క వేసి ఏది తక్కువైతే అది కట్టవచ్చు. లాభం ఎక్కువగా ఉంటే అమ్మిన ఆరు నెలల్లోపు కొన్ని ప్రభుత్వ సంస్థలు ఇచ్చే 54ఈసీ బాండ్లలో పెట్టి మినహాయింపు పొందవచ్చు, అయిదేళ్ళు కదపకూడదు.

నాలుగో ఏడాది ఎలా ఉంటుందో చూద్దాం. ట్యూషన్లు ఆగాయి. ఖర్చు నెలకు 45 వేలు దాటింది, ఖాయమైన ఆదాయం 28 వేలు. లోటు 17 వేలు, ఏడాదికి 2 లక్షల చిల్లర. ఫండ్లు 8 శాతం చొప్పున పెరిగితే 25 లక్షలు, ప్లాట్ సొమ్ము 18. మొత్తం 43 లక్షల మీద 4.8 శాతం. ఫండ్లు అసలు పెరగక 20 దగ్గరే ఉన్నా 5.4. ప్లాట్ అమ్మకపోతే 25 లక్షల మీదే 8 శాతం పైన తీయాలి. పోస్టాఫీసులోని 36 లక్షల అసలు కదల్లేదు కాబట్టి డెబ్భై అయిదు దాటాక అది అండ.

ఈలోగా దూరంగా ఉండాల్సినవి

నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తామనేవాళ్ళు. అది ఏడాదికి 24 శాతం. అంత వడ్డీ కట్టి ఎవరైనా ఎందుకు అప్పు తీసుకుంటారో ఆలోచిస్తే చాలు. ఆప్షన్స్ ట్రేడింగ్: మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనంలో మూడేళ్ళలో 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు. వాట్సాప్ గ్రూపుల్లో షేర్ టిప్స్. పడిపోయిన షేర్లను సగటు తగ్గించుకోవడానికని ఇంకా కొనడం. బంగారం పెరిగిందని ఇప్పుడు మొత్తం అందులోకి దూకడం. అల్లుడి వ్యాపారానికి హామీ సంతకం కూడా ఈ వరుసలోనే పెట్టండి, మనసుకు కష్టమైనా.

హెల్త్ ఇన్సూరెన్స్

ఖర్చు తగ్గించే ఊపులో మొదట ఆపేసేది ఇదే, ఆపకూడనిదీ ఇదే. పెద్ద జబ్బంటే కర్నూలు నుంచి హైదరాబాదు ప్రయాణమే, నాలుగు రోజుల్లో అత్యవసర నిధి మాయం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. సీనియర్ల ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని ముందుగా సంప్రదించాలి. డెబ్భై నిండినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కింద 5 లక్షల రక్షణను కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. అది వచ్చేదాకా సొంత పాలసీ నడవాలి.

ఏటా ఏప్రిల్‌లో ఒక పూట

తీసిన సొమ్మును మిగిలిన సొమ్ముతో భాగించండి. అయిదు శాతం లోపుంటే ధరల మేరకు ఖర్చు పెంచుకోవచ్చు. అయిదు, ఆరు మధ్య ఉంటే ఆ ఏడాది పెంపు ఆపండి. ఆరు దాటితే రెండో వైపు ఖర్చులో మూడో వంతు కోయండి, మార్కెట్ తేరుకున్నాక తిరిగి పెంచుకోవచ్చు. నామినీ పేర్లు, ఖాతాల జాబితా ఆమె చేతిరాతతో ఒక నోటుబుక్కులో ఉండాలి.

సీనియర్ స్కీమ్ అయిదేళ్ళకు ముగుస్తుంది. మూడేళ్ళు పొడిగించుకోవచ్చు, కానీ అప్పటి రేటు మీద. అది 7 శాతమైతే నెలకు 20,500 కాస్తా 17,500 అవుతుంది. అప్పటికి ఆమెకూ 60 నిండుతుంది కాబట్టి ఆమె పేరున కొత్త ఖాతా తెరిచి ప్లాట్ సొమ్మును అందులో వేయవచ్చు.